వరికోత మిషన్లు: కొత్త మోడల్స్, చేతులు మారిన కంపెనీలు, మన పార్ట్స్ సంగతి (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది పశ్చిమ గోదావరి వైపు. సార్వా, దాళ్వా రెండూ వేస్తాం. నేనూ మా బావమరిదీ కలిసి ఎనిమిదేళ్ళ నుంచి ఒక చైన్ మిషన్ (టైర్లకి బదులు రబ్బరు పట్టా మీద నడిచే వరికోత మిషన్) నడుపుతున్నాం, సొంత చేను కోసుకున్నాక బయట కూడా కోస్తాం. కోతలు దగ్గరికొచ్చాయంటే ఫోన్లు మొదలవుతాయి, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు, ఈమధ్య మరీ "ఆ కంపెనీ అమ్మేశారంట కదా, ఇప్పుడు కొనొచ్చా" అనే మాట ఎక్కువైంది. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను ఇంజనీర్ని కాదండి, మిషన్ కింద పడుకుని నేర్చుకున్నదే.

క్లాస్ కంపెనీ ఇండియా నుంచి వెళ్ళిపోయిందా?

క్రాప్ టైగర్ అనే చైన్ మిషన్ తయారుచేసే క్లాస్ ఇండియా కంపెనీని జపాన్ కంపెనీ యాన్మార్ కొనుక్కుంది, 2024 చివర్లో ప్రకటించారు. పంజాబ్‌లో మొరిండా దగ్గర ఉన్న ఫ్యాక్టరీ దాంతోపాటు యాన్మార్ చేతికి వెళ్ళింది. జర్మనీలో ఉన్న అసలు క్లాస్ కంపెనీ మూతపడలేదు, అది 1913 నుంచి ఉన్న కంపెనీ, హార్జెవింకెల్ అనే ఊళ్ళో లెక్సియాన్ అనే పెద్ద పెద్ద కంబైన్లు (కోత మిషన్లు) చేస్తానే ఉంది. అవి మన అరెకరం మడుల్లో తిప్పుకునే బళ్ళు కాదులెండి.

దీని వెనక కథ తెలిస్తే ఇంకా బాగా అర్థమవుద్ది. 1992లో క్లాస్ ఇండియాకి వచ్చింది ఎస్కార్ట్స్ అనే మన ట్రాక్టర్ల కంపెనీతో కలిసి, ఫరీదాబాద్‌లో. అప్పుడే ఎస్కార్ట్స్ క్లాస్ పేరుతో క్రాప్ టైగర్ మొదలైంది, మన బురద చేలల్లో చైన్ మీద నడిచే కోత మిషన్ అంటే చాలామంది పెద్దోళ్ళకి ముందు గుర్తొచ్చేది అదే. తర్వాత ఎస్కార్ట్స్ పక్కకి తప్పుకుంది, క్లాస్ సొంతంగా నడిపింది. ఇటు ఎస్కార్ట్స్ ఏమైందంటే 2022లో కుబోటా దాంట్లో అందరికన్నా పెద్ద వాటా తీసుకుని ఎస్కార్ట్స్ కుబోటా అని పేరు మార్చారు. అంటే ఒకప్పుడు ఒకే గూటిలో ఉన్న రెండు కంపెనీలు ఇప్పుడు ఒకటి కుబోటా కింద, ఇంకోటి యాన్మార్ కింద. రెండూ జపాన్‌వే, రెండూ వరి పండించే దేశం నుంచి వచ్చినవే. నా మట్టుకి ఇది మనకి మంచి వార్తే. గోధుమ కోసం పుట్టిన మిషన్‌ని వరికి సర్దటం వేరు, వరి కోసమే పుట్టిన మిషన్ వేరు.

మరి నా దగ్గరున్న క్రాప్ టైగర్‌కి పార్ట్స్ దొరుకుతాయా?

కంపెనీ చేతులు మారినంత మాత్రాన రాత్రికి రాత్రి పార్ట్స్ ఆగిపోవండి. కొన్నది ఫ్యాక్టరీతో సహా కాబట్టి, వాళ్ళు అక్కడే తయారుచేయటానికే కొన్నారు. పైగా యాన్మార్‌కి మన దక్షిణాదిలో ముందునుంచీ చోటుంది, కోరమాండల్ వాళ్ళతో, మిత్సుయి అనే ఇంకో జపాన్ కంపెనీతో కలిసి 2014లోనే యాన్మార్ కోరమాండల్ అనే కంపెనీ పెట్టారు, కోరమాండల్ అంటే మన గ్రోమోర్ ఎరువుల వాళ్ళే. చెన్నై దగ్గర యాన్మార్ ఇంజన్ల ఫ్యాక్టరీ కూడా ఉంది. కాబట్టి పునాది లేకుండా వచ్చిన వాళ్ళేం కాదు.

కానీ ఒక తేడా ఉంది, అది జాగ్రత్తగా చూసుకోండి. మామూలుగా అరిగే సామాన్లు, అంటే కట్టర్ బ్లేడ్లు, ఫింగర్లు, బెల్టులు, బేరింగులు, నూర్చే డ్రమ్ము పళ్ళు, రోలర్లు, ఇవి బయట షాపుల్లో కూడా దొరుకుతాయి, దేశమంతా ఇన్ని మిషన్లు తిరుగుతున్నప్పుడు ఎవడో ఒకడు చేస్తాడు. ఇబ్బంది వచ్చేది గేర్ బాక్సు, ఆయిల్ ప్రెజర్‌తో బండిని నడిపే హైడ్రోస్టాటిక్ పంపు, ఎలక్ట్రికల్ బాక్సు దగ్గర, అవి ఆ మోడల్‌కే ఉంటాయి, కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే కొన్నాళ్ళకి వాటికి తిరగాల్సొస్తది. పాత బండి ఉన్నవాళ్ళు డీలర్ దగ్గరికెళ్ళి మీ మోడల్ పార్ట్ బుక్ ఒకటి ఇప్పుడే తీసి పెట్టుకోండి, పార్ట్ నంబర్ చేతిలో ఉంటే ఎక్కడినుంచైనా తెప్పించుకోవచ్చు.

ఇది నాకు తెలిసొచ్చిన విషయం. ఒక దాళ్వాలో, ఏప్రిల్ నెల, నెత్తిన మబ్బు, మా బండి పంపు పోయింది. డీలర్ (పేరెందుకులెండి) రేపొస్తది రేపొస్తది అని పదకొండు రోజులు తిప్పాడు, ఆఖరికి నంబర్ తప్పు పెట్టాడని తేలింది. ఆ పదకొండు రోజులూ మేం ఒప్పుకున్న చేలన్నీ వేరేవాళ్ళు కోసుకుపోయారు, మా సొంత మూడెకరాలు కూడా పక్కూరి బండితో కోయించుకున్నాం. అప్పటినుంచి పార్ట్ బుక్ బీరువాలో పెట్టుకున్నాను.

కొత్త మోడల్స్‌లో నిజంగా ఏం మారింది? రంగేనా?

రంగు కాదండి, ఇంజన్ మారింది. ట్రెమ్ 4 అని పొగ తగ్గించే రూల్ వచ్చింది, 50 హెచ్‌పి దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి అమల్లోకొచ్చింది, ఆ రూల్ లెక్కలో కోత మిషన్లు కూడా ఉన్నాయి. 14 అడుగుల కట్టర్ బార్ ఉండే పెద్ద టైర్ మిషన్లు, కర్తార్, ప్రీత్, దశ్‌మేశ్ లాంటి పంజాబ్ బళ్ళు, వాటి మీద ట్రెమ్ 4 అని స్టిక్కర్ చూసే ఉంటారు.

పాత ఇంజన్‌లో డీజిల్ పంపు మెకానికల్, అంటే మన ఊరి మెకానిక్ స్పానర్‌తో విప్పి బిగించేవాడు. ఇప్పుడొచ్చేది సీఆర్‌డీఐ, డీజిల్ అంతా ఒక పైపులో చాలా ఎక్కువ ప్రెజర్‌తో నిలబెట్టి, ఎప్పుడు ఎంత కొట్టాలో కంప్యూటర్ చూసుకుంటది. దీనివల్ల లోడ్ పడ్డప్పుడు ఇంజన్ గుక్కపట్టడం తగ్గుద్ది, పొగ బాగా తగ్గుద్ది, డీజిల్ కూడా సరిగ్గా వాడితే కలిసొస్తది. పొగ గొట్టంలో కూడా కొత్త సామాను వచ్చింది, మసిని పట్టి కాల్చే ఫిల్టర్ ఒకటి, ఇంకా కొన్ని పెద్ద ఇంజన్లలో పొగలో విషవాయువు తగ్గించే డీఈఎఫ్ అనే ద్రావణం పోసే ట్యాంకు ఒకటి.

మిగతా మార్పులు, క్యాబిన్, ఏసీ, ఎల్‌ఈడీ లైట్లు, ధాన్యం ట్యాంకు పెద్దది చేయటం, జీపీఎస్‌తో బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకోవటం. జీపీఎస్ మాత్రం బాడుగకి తిప్పేవాళ్ళకి చాలా ఉపయోగం, ఎన్ని గంటలు తిరిగిందో డ్రైవర్‌ని అడగక్కర్లేదు.

డీఈఎఫ్ అంటే యూరియా నీళ్ళే కదా, మన దగ్గరున్న యూరియా కలిపి పోస్తే పోలా?

వద్దండి, దండం పెట్టి చెప్తున్నాను, ఆ పని మాత్రం చేయొద్దు. డీఈఎఫ్‌లో ఉండేది 32.5 శాతం యూరియానే, నిజమే, కానీ అది చాలా శుద్ధమైన యూరియా, ఖనిజాలు లేని నీళ్ళు. మన చేలో చల్లేది మొత్తం వేప పూత యూరియా, పైగా బోరు నీళ్ళలో కలిపితే ఉప్పు, సున్నం అంతా వెళ్ళి ఆ గొట్టంలో గడ్డకడతది. ఆ సామాను మార్చాల్సొస్తే ఎన్నేళ్ళ డీఈఎఫ్ డబ్బులో అందులో పోతాయి. సీల్ ఉన్న డబ్బా కొనండి, నీడలో పెట్టండి, ఎరువు మోసిన గరాటుతో పోయకండి.

డీజిల్ డ్రమ్ముల్లో నిల్వ చేస్తాం, కొత్త ఇంజన్‌కి పర్లేదా?

పర్లేదు గానీ పద్ధతి మారాలి. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో దేశమంతా బీఎస్ 6 డీజిలే, దాంట్లో గంధకం చాలా తక్కువ, కాబట్టి డీజిల్‌తో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా మన డ్రమ్ముతో. రాత్రి మంచుకి డ్రమ్ములో లోపల చెమ్మ పట్టి అడుక్కి నీళ్ళు చేరతాయి, తుప్పు, గడ్డి దుమ్ము కూడా. పాత పంపు వాటిని ఎలాగో మింగేసేది, సీఆర్‌డీఐ ఇంజెక్టర్ మింగదు. పోసేముందు డ్రమ్ము ఒక రాత్రి కదపకుండా ఉంచండి, అడుగున నాలుగు వేళ్ళ డీజిల్ ట్యాంకులోకి పోనివ్వకండి, మెత్తని జల్లెడ పెట్టండి, డీజిల్లో నీళ్ళు విడదీసే వాటర్ సెపరేటర్ మర రోజూ పొద్దున్నే తిప్పి నీళ్ళు వదలండి.

చేలో ఉండగా సెన్సర్ ఎర్రర్ వచ్చి ఆగిపోతే మన మెకానిక్ చేయగలడా?

సగం చేయగలడు. బెల్టు, బేరింగు, హైడ్రాలిక్ పైపు ఎప్పటిలాగే చేస్తాడు. కానీ డిస్‌ప్లే మీద కోడ్ వచ్చి ఇంజన్ పవర్ తగ్గించేసిందంటే కంపెనీ వాళ్ళ ల్యాప్‌టాప్ కావాలి. ఇది మన ఒక్కళ్ళ బాధ కాదండి, అమెరికా రైతులు ఏళ్ళ తరబడి దీనిమీదే పోరాడుతున్నారు, మా బండి మేం బాగుచేసుకునే హక్కు మాకు ఇవ్వండి అని. 2023 జనవరిలో జాన్ డీర్ అక్కడి రైతు సంఘంతో ఒప్పందం రాసుకుంది, అయినా తేలక 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆ కంపెనీ మీద కేసు వేసింది. వందల ఎకరాలున్న వాళ్ళకే అంత కష్టమైతే ఐదెకరాల వాళ్ళం మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి.

అందుకే కొనేముందు డీలర్ని ఈ ముక్క గట్టిగా అడగండి. కోడ్ చదివే మిషన్ మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, సీజన్లో రాత్రిపూట వచ్చే మనిషి ఉన్నాడా, మా మండలానికి ఎంతసేపట్లో వస్తాడు, కోడ్ల పుస్తకం మాకు ఇస్తారా. మొహమాటపడకండి. ఇరవై ముప్పై లక్షలు పెడుతున్నాం, అప్పు ఐదేళ్ళు కడుతున్నాం, వాళ్ళ సర్వీసు కూడా ఐదేళ్ళు నిలబడాలి కదా. అమ్మేటప్పుడు వచ్చే మనిషి వేరు, బాగుచేసేటప్పుడు వచ్చే మనిషి వేరు, మీరు రెండోవాణ్ణి ముందు చూడండి.

చైన్ మిషనా, టైర్ల మిషనా?

మీ చేను చెప్తది. ఆరిపోయి గట్టిగా ఉన్న పెద్ద మళ్ళు, దారి బాగుంది, అయితే టైర్ మిషన్, ఎకరాలకి ఎకరాలు లాగేస్తది. 14 అడుగుల కట్టర్ అంటే ఒక్కసారికి నాలుగు మీటర్ల పైన కోస్తది, మన చైన్ మిషన్ రెండు మీటర్లు దగ్గర. కానీ డెల్టాలో నవంబరు డిసెంబరు అంటే తుపాన్ల నెలలు, చేలో నీళ్ళుంటే టైర్ బండి దిగబడితే జేసీబీ తెచ్చి లాగాలి, చేనంతా గాడులు పడి తర్వాత దుక్కికి ప్రాణం మీదకొస్తది. చైన్ మిషన్ బరువు వెడల్పుగా రబ్బరు పట్టా మీద పరుచుకుంటది కాబట్టి తేలుద్ది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలన్నీ ఒరిగిపోయాయి. అప్పుడు చూడాలి చైన్ మిషన్‌కి గిరాకీ. పడిపోయిన చేను కోసేటప్పుడు ఒరిగిన వైపుకి ఎదురెళ్ళి కోయాలి, పైరుని లోపలికి లాగే రీలుని కిందికి దించి కొంచెం ముందుకి జరపాలి, స్పీడు తగ్గించాలి. డ్రైవర్ తొందరపడితే ఎన్నులు కట్టర్ కిందకెళ్ళి చేలోనే ఉండిపోతాయి.

మిషన్ కోస్తే గింజ చాలా రాలిపోద్దంటారు, ఎంత పోతుందో ఎలా తెలుసుకోవాలి?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న, కానీ తక్కువమంది అడుగుతారు. లెక్క చాలా తేలిక. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు చట్రం కర్రలతో కట్టుకోండి. మిషన్ వెళ్ళాక గడ్డి పక్కకి నెట్టి ఆ చట్రంలో గింజలు లెక్కపెట్టండి. గడ్డి వరస కింద ఒకచోట, పక్కల రెండుచోట్ల చూసి సగటు తియ్యండి, ఎందుకంటే వెనకనుంచి పడేది ఆ వరస కిందే ఎక్కువుంటది.

చదరపు అడుక్కి పది గింజలు అనుకోండి. ఎకరానికి నాలుగు లక్షల 35 వేల గింజలు. సాంబ మసూరి లాంటి సన్నాలు వెయ్యి గింజలు 15 గ్రాములు దగ్గర తూగుతాయి, అంటే ఆరున్నర కేజీలు. లావు రకం అయితే పది కేజీలు. ఇంతవరకు పర్లేదు. అదే వంద గింజలు కనపడితే సన్నాల్లో 65 కేజీలు, లావు వాటిల్లో 100 కేజీలు, అంటే ఎకరానికి ఇంచుమించు మన 75 కేజీల బస్తా ఒకటి చేలోనే వదిలేసినట్టు. మిషన్ రాకముందే రాలిన గింజలు కూడా ఉంటాయి, కోయని చోట ఒకసారి లెక్కేసి అవి తీసేయండి.

ఎక్కడ పోతుందో కూడా చూడండి. గడ్డిలో ఎన్నుకి గింజ అంటుకుని ఉంటే డ్రమ్ము సరిగ్గా నూర్చట్లేదు. ఒట్టి గింజ వెనక పడుతుంటే గాలి ఎక్కువైంది, లేకపోతే జల్లెడ మూసుకుంది, లేకపోతే బండి జోరు ఎక్కువ. ట్యాంకులో నూకలు, బియ్యం కనిపిస్తే డ్రమ్ము స్పీడు మరీ ఎక్కువ. గంటల లెక్కన కోయించుకుంటే మనమే డ్రైవర్ని తొందరపెడతాం, తొందరలో గింజ పోద్ది. నేను మా డ్రైవర్‌కి చెప్పేది ఒకటే, మొదటి చాలు కోసి ఆగు, దిగి చూడు, అప్పుడు మిగతాది.

కొత్త మోడల్స్ కొన్నిట్లో వెనక గింజ పడితే చెప్పే సెన్సర్ వస్తుంది. మంచిదే. కానీ దాన్ని చేతి లెక్కతో సరిచూసుకోకపోతే అది చూపించే గీతకి అర్థం లేదు.

నూర్పిడి పద్ధతుల్లో తేడా ఏంటి?

పంజాబ్ పెద్ద బళ్ళలో ఎక్కువగా అడ్డంగా ఒక డ్రమ్ము, దాని వెనక గడ్డిని ఎగరేస్తా గింజ రాల్చే స్ట్రా వాకర్లు ఉంటాయి. చైన్ మిషన్లలో గడ్డి డ్రమ్ము చుట్టూ సుడి తిరిగి పక్కకి ప్రయాణిస్తా నలుగుద్ది, దాన్ని ఆక్సియల్ ఫ్లో అంటారు. క్రాప్ టైగర్‌లో రెండూ కలిపారు, ముందు ఒక డ్రమ్ము, తర్వాత సుడి తిరిగే డ్రమ్ము. తడి పైరుని సుడి డ్రమ్ము బాగా లాగుద్ది, కాకపోతే గడ్డి కొంచెం ఎక్కువ నలుగుద్ది.

గడ్డి పశువులకి పనికొస్తదా?

చేత్తో కోసిన గడ్డిలా ఉండదు, పశువు అంత ఇష్టంగా తినదు, ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ వెంటనే బేలర్‌తో చుట్టలు కట్టిస్తే బాగానే నిలవుంటది. మంచు పట్టిన గడ్డి మాత్రం చుట్టకండి, లోపల బూజొస్తది. కాల్చటం మాత్రం నాకు మనసొప్పదు.

వరిలో మినుము చల్లుతాం కదా, మిషన్ కోస్తే మొలక చచ్చిపోదా?

మా కృష్ణా, గుంటూరు, బాపట్ల బంధువులందరూ అడిగేది ఇదే. చేత్తో కోసే రోజుల్లో కోతకి రెండు మూడు రోజుల ముందు తడి మీద మినుము, పెసర చల్లేవాళ్ళు. మిషన్ వచ్చాక దానికి ఇబ్బందైంది, చైన్ తిరిగిన చోట మొలక నలుగుద్ది, గడ్డి వరస కింద ఉన్నది పైకి రాదు. కొంతమంది కోతకి సరిగ్గా ముందు చల్లి మొలక రాకముందే కోయించేస్తారు, కొంతమంది కోసేశాక గడ్డి తీయించి దున్నకుండానే సీడ్ డ్రిల్‌తో వేస్తారు. రెండోది నాకు ఎక్కువ నచ్చింది, విత్తనం సమానంగా పడుద్ది. కాకపోతే తేమ ఆరిపోకముందే అవ్వాలి, బేలర్ ఆలస్యమైతే అంతా పోద్ది. కంపెనీల ఇంజనీర్లకి నేను చెప్పాలనుకునేది కూడా ఇదే, ఏసీ క్యాబిన్ తర్వాత, ముందు గడ్డిని వరసగా కాకుండా సమానంగా చల్లేసే సామాను చైన్ మిషన్లకి చవగ్గా ఇవ్వండి, డెల్టాలో మినుము రైతు బతుకుతాడు.

మిషన్ ధాన్యానికి తేమ ఎక్కువ అని రేటు కోస్తున్నారు, ఏం చేయాలి?

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిషన్ కోసింది చాలాసార్లు 22, 24 మీద వస్తది, కోసిన పైరు చేలో పనమీద ఆరటం అనేది ఇప్పుడు లేదు కదా. 24 శాతం ఉన్న క్వింటా ధాన్యం 17కి ఆరితే 91 కేజీల పైన మిగులుద్ది, ఎనిమిది కేజీలు నీళ్ళే. ఈ లెక్క తెలిసుంటే కళ్ళంలో వ్యాపారి చెప్పే కోత న్యాయమో కాదో మీకే తెలిసిపోద్ది. 2025-26కి మద్దతు ధర సాధారణ రకం 2,369, గ్రేడ్ ఎ 2,389 రూపాయలు. పొట్టు, గడ్డి ముక్కలు ఒక శాతం, మట్టి రాళ్ళు ఒక శాతం దాటకూడదని కూడా రూల్ ఉంది, కాబట్టి జల్లెడ, గాలి సరిగ్గా పెట్టించుకోవటం మన రేటు కోసమే. మంచు ఆరాక, పొద్దున పదకొండు తర్వాత కోయించండి, ఆ ఒక్క పనితోనే తేమ తేడా కనిపిస్తది.

జీఎస్టీ తగ్గింది అంటున్నారు, ఎంత కలిసొస్తది?

2025 సెప్టెంబరు 22 నుంచి కోత మిషన్ల మీద 12 శాతం ఉన్నది 5 శాతం అయింది. పన్ను కాకుండా 25 లక్షల బండి అనుకుంటే ముందు 3 లక్షలు పన్ను, ఇప్పుడు లక్షా పాతిక వేలు, లక్షా 75 వేలు తగ్గాలి. కొటేషన్లో అసలు ధర, పన్ను విడివిడిగా రాయించుకోండి, అసలు ధర ఎవరైనా ఈలోగా పెంచారేమో తెలుస్తది.

సబ్సిడీ విషయం ప్రతి ఏడాదీ మారుద్ది, మీ రైతు సేవా కేంద్రంలోనో వ్యవసాయ ఆఫీసులోనో కనుక్కోవాలి. గుంపుగా కొనేవాళ్ళకి ఇచ్చిన సందర్భాలున్నాయి, 2022 జూన్‌లో గుంటూరులో అప్పటి ప్రభుత్వ యంత్రసేవ పథకం కింద ఒక్కరోజే 320 కోత మిషన్లు రైతు గ్రూపులకి ఇచ్చారు. గ్రూపుగా తీసుకుంటే డీజిల్, డ్రైవర్, రిపేరు లెక్క ఎవరు రాయాలో మొదటిరోజే కాగితం మీద పెట్టుకోండి, స్నేహాలు చెడేది ఇక్కడే.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే?

తీసుకోవచ్చు, నేను తీసుకుంది కూడా అదే. గంటల మీటర్ని నమ్మకండి, కింది రోలర్లు, స్ప్రాకెట్ పళ్ళు, రబ్బరు చైన్ లోపలి వైపు పగుళ్ళు చూడండి, బండి వయసు అక్కడ తెలుస్తది. చైన్ జత మార్చాలంటే మామూలు ఖర్చు కాదు, దాన్ని బేరంలోనే పట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానించండి. ఫైనాన్స్ తీరిందని కాగితం చేతికొచ్చాకే డబ్బులు. తమిళనాడు నుంచి, పంజాబ్ నుంచి సీజన్‌కి వచ్చే బళ్ళు చివర్లో ఇక్కడే అమ్మేస్తుంటారు, అవి ఏడాదిలో నాలుగైదు రాష్ట్రాలు తిరిగి ఉంటాయి, అది గుర్తుపెట్టుకుని రేటు కట్టండి.

డ్రైవర్ లేని మిషన్లు వస్తాయా? ఇప్పుడు కొంటే పాతదైపోద్దేమో?

జపాన్‌లో వచ్చేశాయి. కుబోటా 2024 జనవరిలో మనిషి లేకుండా తనే కోసుకునే అగ్రి రోబో కంబైన్ని అమ్మకానికి పెట్టింది, చేను అంచులు ముందు చూపిస్తే కెమెరాలు, రాడార్లతో మనుషుల్ని కనిపెట్టుకుంటా కోస్తది. అక్కడ పల్లెల్లో ముసలివాళ్ళే మిగిలారు కాబట్టి వాళ్ళకి అది అవసరం. మన దగ్గర గట్లు వంకరటింకర, మడికో యజమాని, మధ్యలో కరెంటు స్తంభం, కాబట్టి ఆ మిషన్ అలాగే ఇక్కడికి రాదు. కానీ ఆ ఇంజనీరింగ్‌లో చిన్న ముక్కలు వస్తాయి, నేరుగా నడవటానికి సాయం చేసేది, ఎకరాలు తనే కొలిచేది, పైరు చిక్కదనం బట్టి స్పీడు తనే తగ్గించేది. డ్రైవర్లు దొరకటం మనకీ ఏడాదికేడాది కష్టమవుతుంది, మా బండికి వచ్చే కుర్రాడు పోయినేడు గల్ఫ్ వెళ్ళిపోయాడు. కొత్తవాడు కూడా నష్టం లేకుండా కోసేలా చేసే సామాను ఏదొచ్చినా నేను సంతోషంగా కొంటాను.

కోతల్లో ప్రమాదాలు?

లారీ మీద బండి ఎక్కించి తీసుకెళ్ళేటప్పుడు పైన కరెంటు తీగలు చూసేవాడు ఒకడు కచ్చితంగా ఉండాలి. పైరుని లోపలికి తోసే ఆగర్‌లో గడ్డి అడ్డం పడితే ఇంజన్ ఆపి తాళం జేబులో పెట్టుకుని దిగాలి, ఆపకుండా చెయ్యి పెట్టినోళ్ళని నేను చూశాను, ఆ మాట రాయటం కూడా కష్టంగా ఉంది. కొత్త ఇంజన్ల పొగ గొట్టం దగ్గర వేడి ఎక్కువ, గడ్డి దుమ్ము రోజూ ఊదించండి.

మీరేం చేస్తున్నారు, పాతది మార్చేస్తున్నారా?

ఈ సార్వాకి మార్చట్లేదండి. కొత్తగా చేతులు మారిన కంపెనీ వాళ్ళు ఏ మోడల్ ఉంచుతారో, ఏది ఆపుతారో రెండు సీజన్లు చూస్తాం. ఈలోగా చైన్లు మార్చాం, డ్రమ్ము పళ్ళు కొత్తవి వేయించాం, ఒక పంపు కొని కొట్టులో పెట్టుకున్నాం, ఈసారి నంబర్ నేనే దగ్గరుండి రాయించాను.